రోలరు రాని ఆరు రోజులు

ఆ ఏడు వానలు వెనకబట్టగానే మా ఇంటికి వచ్చే రోడ్డుకు గేటు పెట్టారు. పెట్టినవాళ్ళు మంచినీళ్ళు మా ఇంట్లోనే తాగారు, నిచ్చెన మా ఇంట్లోంచే తీసుకెళ్ళారు, చివరికి మా ఆయన బండికే అడ్డంగా తాళం వేసి వెళ్ళారు. వాళ్ళకు నిచ్చెన ఇచ్చింది నేనే కాబట్టి ఎవరిని తిట్టాలో తెలియక ఆ రోజు కోపమంతా గిన్నెల మీద చూపించాను. తోమిన గిన్నెనే మళ్ళీ మళ్ళీ తోమాను.

మాది నది ఒడ్డున రెండు గదుల క్వార్టరు. ఒకప్పుడు అక్కడ రైలు నడిచేదట. పట్టాలు పీకేశాక ఆ కట్టే కంకర రోడ్డయింది. ముప్పై కిలోమీటర్లు, ఒక పక్క నది, ఒక పక్క తోటలు, తోటల వెనక కొండలు. మామయ్య, అంటే మా ఆయన తండ్రి, కుర్రతనంలో ఆ రోడ్డు గ్యాంగులో పనికి చేరి, తోటివాళ్ళంతా ఒక్కొక్కరే వెళ్ళిపోగా చివరికి తానొక్కరే మిగిలారు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళే ఆ ఇల్లు మాది. మా ఆయనకు ట్రాలీ ఆటో ఉంది. తోటల్లో కాసినవన్నీ ఎక్కించుకుని ఆ రోడ్డు మీదే మార్కెట్టుకు చేర్చేవాడు. తండ్రి రోడ్డు చూసుకుంటే కొడుకు దాని మీద బతికేవాడు, ఎవరికీ ఏ పేచీ లేదు.

అలాంటిది రోడ్ల ఆఫీసువాళ్ళకు ఉన్నట్టుండి మా లోయ అందం కనిపించింది. ముప్పై కిలోమీటర్లూ సైకిళ్ళకే వదిలేస్తామన్నారు. పట్నాల్లో హారన్ల మధ్య బతికేవాళ్ళు వచ్చి ఇక్కడ హాయిగా తొక్కుకుంటారట. వంతెన దగ్గర గేటు, గేటు పక్కన బోర్డు. మోటారు వాహనాలకు ప్రవేశం లేదు, లోయ ప్రశాంతతను కాపాడండి అని రాసి ఉంది దాని మీద. అన్నాళ్ళూ ఆ ప్రశాంతతను చెడగొట్టింది మా ఆయన ఒక్కడే అన్నట్టు. మామయ్యకు ఆకుపచ్చ టోపీ ఒకటి, గేటు తాళంచెవి ఒకటి ఇచ్చి, ఇకనుంచి మీరే ఈ దారికి సంరక్షకులు అన్నారు.

మామయ్య సంగతి తెలిసినవాళ్ళెవరూ ఆయనకు తాళంచెవి ఇవ్వరు. మర్నాడు పొద్దున్నే మా ఆయన ఎప్పటిలాగే లోడు వేసుకుని గేటు దగ్గరికి వెళ్ళాడు. టోపీ పెట్టుకుని మామయ్య అక్కడే నిలబడి ఉన్నారు. నేను క్యారేజీ ఇవ్వడానికి వెనకాలే సైకిలు మీద వెళ్ళాను కాబట్టి అంతా చూశాను.

"నాన్నా, తాళం తియ్యి."

"బోర్డు చదివావా?"

"చదివాను."

"మరి చదవనట్టు అడుగుతావేం?"

ఆ ఒక్కసారికి బయటికి వదిలారు. బండి మళ్ళీ లోపలికి రాకూడదన్నారు. ఆ రోజు నుంచి ఆటో వంతెన అవతలే ఉండేది. మా ఆయన కొండ రోడ్డు చుట్టూ తిరిగి తోటల వెనక వైపు నుంచి సరుకు ఎక్కించుకునేవాడు. దూరం రెండింతలు, సంపాదన సగం. తండ్రీ కొడుకుల మధ్య మాటలు ఆగిపోయాయి. రెండడుగుల దూరంలో కూర్చున్న కొడుకును చూస్తూ, "అమ్మాయ్, మీ ఆయన్ని భోజనానికి లేవమను" అనేవారు మామయ్య. "ఆకలి లేదని మీ మామయ్యకు చెప్పు" అనేవాడు ఈయన. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు. మా ఇంట్లో ఉలిపికట్టెలు ఇద్దరు, మధ్యలో నేను.

ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. బండ్లు లేని ఆ దారి చాలా బాగుండేది. కడుపు మండుతున్నా ఆ మాట అబద్ధమని అనలేను. నాకొక పాత సైకిలు ఉంది. మామయ్యకు మోకాళ్ళ నొప్పులు, తొక్కలేరు. అందుకని రోజూ పొద్దున నన్ను తొక్కమని, తాను రోడ్డు పక్కన చెవి పెట్టి నిలబడేవారు. కంకర బాగా కూర్చున్న చోట చక్రం ఒకే ధారగా సర్రుమంటుంది. వదులైన చోట కరకరమంటుంది. ఆ చప్పుడును బట్టే ఎక్కడ పార పడాలో, ఎక్కడ మట్టి చల్లాలో చెప్పేవారు. నేను దూరంగా వెళ్ళిపోతే, తిరిగొచ్చాక ఏ కిలోమీటరు రాయి దగ్గర ఎలా ఉందో అడిగేవారు. అలా ఆ చలి రోజుల్లో ఒక్కోసారి పదేసి కిలోమీటర్లు తొక్కాను. ముందు ఎవరూ లేరు, వెనక హారను లేదు. నది మలుపు తిరిగిన చోటల్లా దారి కూడా తిరుగుతుంది. పెళ్ళయ్యాక పని పేరు చెప్పి నేను అనుభవించిన సుఖం అదొక్కటే.

సెలవు రోజుల్లో పట్నం సైకిళ్ళు వచ్చేవి. లావుపాటి టైర్లు, తలకు హెల్మెట్లు, వీపు నిండా దుమ్ము. వాళ్ళు మర్యాదస్తులే. దూరం నుంచే గంట కొట్టేవాళ్ళు, నీళ్ళు అడిగి తాగేవాళ్ళు. మామయ్యకు కంకర తాత అని పేరు పెట్టింది వాళ్ళే. ఆ పేరు విని ఆయన లోలోపల మురిసిపోవడం నేను చూశాను.

గొడవంతా వంతెన నుంచి మా ఇంటి దాకా ఉన్న రెండు కిలోమీటర్లతో వచ్చింది. వానలకు బాగా దెబ్బతిన్న ముక్క అది. కాంట్రాక్టరు మనుషులు పైపొర తవ్వేసి, కొత్త కంకర పరిచి, రోలరు వస్తుందని చెప్పి వెళ్ళిపోయారు. దారిని ప్రారంభించడానికి పెద్ద అధికారి వస్తున్నాడు, మూడు వందల సైకిళ్ళు వస్తున్నాయి, ఇంకా పన్నెండు రోజులే ఉంది. రోలరు మాత్రం రాలేదు. మామయ్య మూడుసార్లు ఆఫీసుకు వెళ్ళారు. మూడోసారి తోడుగా నేనూ వెళ్ళాను. అక్కడ ఇంజనీరు గారు మాట్లాడుతూనే ప్రారంభానికి వేసే పందిరి బొమ్మ చూసుకుంటున్నారు.

"సైకిళ్ళే కదా పెద్దాయనా, లారీలా? నాలుగు రోజులు తొక్కితే అదే సర్దుకుంటుంది."

"సైకిలు రాయిని కిందికి నొక్కదు సార్. పక్కకు నెడుతుంది. బరువు పడకపోతే కంకర కూర్చోదు."

"చూద్దాం" అన్నారు ఇంజనీరు గారు. ఆఫీసులో చూద్దాం అంటే చూడం అని అర్థం. ముప్పై ఏళ్ళు ఆ మాట విన్న మామయ్య మళ్ళీ అడగకుండా లేచి వచ్చేశారు.

మర్నాడు ఆ ముక్క మీద నన్ను తొక్కి చూడమన్నారు. ఇరవై గజాలు కూడా వెళ్ళలేదు, ముందు చక్రం రాళ్ళలో దిగబడి సైకిలు అడ్డంగా తిరిగింది. మోచేయి నుంచి మణికట్టు దాకా చీరుకుపోయింది. మామయ్య వచ్చి నన్ను లేపి, చేతిని చూశారు, తర్వాత రోడ్డును చూశారు. మూడు వందల మంది, వాళ్ళలో ఆడవాళ్ళు, పిల్లలు, నా కంటే వేగంగా వచ్చేవాళ్ళు. ఆయన మనసులో ఏముందో నాకు ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు.

ఆ సాయంత్రం కట్టు కట్టుకుని నేను వడ్డిస్తుంటే, మామయ్య కంచంలోంచి తలెత్తి నేరుగా కొడుకుతో మాట్లాడారు.

"రేపు తెల్లారగానే బండి తీసుకురా. ఇసుక బస్తాలు ఎన్ని పడితే అన్ని వెయ్యి."

మా ఆయన అలవాటు కొద్దీ నా వైపు చూశాడు, ఆ మాట నేను మళ్ళీ చెబుతానేమోనని. నేను కూర గిన్నె అందుకున్నాను.

"మరి బోర్డో?" అన్నాడు చివరికి.

"బోర్డు రోడ్డును తొక్కుతుందా? నువ్వు రా."

ఆరు రోజులు చేశాం. ఇది ఆ గ్యాంగువాళ్ళకే తెలిసిన పని. కంకర మీద సన్నమట్టి చల్లాలి, నీళ్ళు పెట్టాలి, ఆ తడి ఆరేలోపు బరువు తిప్పాలి. నీళ్ళు ఎక్కువైతే మట్టి కొట్టుకుపోతుంది, తక్కువైతే పట్టదు. నదిలోంచి నీళ్ళు తోడి చల్లడం నా వంతు. మామయ్య వెనక్కి నడుస్తూ, చేయెత్తి చక్రం ఎక్కడ పడాలో చూపించేవారు. ప్రతి విడతా చక్రం ఒక బెత్తెడు పక్కకు జరగాలి, లేకపోతే గాడి పడుతుంది. మా ఆయన తండ్రి చేతి మీంచి కళ్ళు తీయకుండా నడిచే మనిషి వేగంతో బండి నడిపేవాడు. ఎడమకు, ఇంకొంచెం, ఆపు, రా. ఆ రెండు నెలల్లో వాళ్ళు మాట్లాడుకున్న మాటలన్నీ అవే. మూడో రోజు మామయ్య అలిసిపోయి బండి ఎక్కి కొడుకు పక్కన కూర్చున్నారు. అది చూసి నాకు ఏడుపొచ్చింది, బిందె అడ్డం పెట్టుకుని ఏడ్చాను. మా ఇల్లు మళ్ళీ ఇల్లయిందని అనిపించింది.

రోడ్డు పనికి ఒక పుస్తకం ఉంటుంది. ఏ రోజు ఏం చేశారో అందులో రాయాలి. మామయ్య చదవగలరు, సంతకం పెట్టగలరు, నాలుగు వాక్యాలు రాయాలంటే మాత్రం చెయ్యి సాగదు. ఆయన చెబితే నేను రాసేదాన్ని. మొదటి రోజు పని అయ్యాక ఎప్పటిలాగే చెప్పడం మొదలుపెట్టారు. రోలరు రాలేదు. మా అబ్బాయి ట్రాలీ ఆటోలో ఇసుక బస్తాలు వేసి ఇరవై రెండుసార్లు తిప్పాం. నేను కలం కింద పెట్టేశాను.

"మామయ్యా, ఇది రాయడం ఎందుకు? చేశాం, అయిపోయింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"నా తర్వాత వచ్చేవాడు ఈ పుస్తకం చూసే పని చేస్తాడమ్మాయ్. రోలరు తొక్కిన రోడ్డయితే మరమ్మతు ఒకలా చేస్తాడు. ఆటో తొక్కిందని తెలిస్తే ఇంకోలా చేస్తాడు. అబద్ధం రాస్తే వాడి పని చెడుతుంది."

వచ్చేవాడెవడో, వాడి మీద ఈయనకు అంత అక్కర. రాయనని అప్పుడే అనాల్సింది. అనలేదు, రాశాను. ఆరు రోజులూ రాశాను. ఆరో రోజు ఎన్నిసార్లు తిప్పామో కూడా లెక్క తప్పకుండా రాశాను.

ఆ ఆరో రోజే, ఎండ పడుతుండగా, గేటు మీదుగా సైకిలు ఎత్తి దింపుకుని ఒకావిడ లోపలికి వచ్చింది. పట్నంలో పళ్ళ డాక్టరని తర్వాత తెలిసింది. మలుపులో ఆగి ఫోను తీసి మా వైపు పట్టుకుంది. ఆమెకు మా లోయ నచ్చిందనుకుని నేను బిందె కింద పెట్టి చెయ్యి కూడా ఊపాను. ఆమె ఊపలేదు, సైకిలు తిప్పుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు ఇంజనీరు గారు వచ్చి రోడ్డు మీద బూటుకాలితో గట్టిగా తట్టి చూశారు. ఎన్ని రోజులు పట్టిందని అడిగారు. ఆరు రోజులు తొక్కించామని మామయ్య చెప్పారు. దేనితో తొక్కించారని ఆయన అడగలేదు. అడిగితే మామయ్య చెప్పేవారే.

ప్రారంభం రోజు మూడు వందల సైకిళ్ళు ఆ ముక్క మీదుగా వెళ్ళాయి. ఒక్కరు పడలేదు. నేను గట్టు మీద నిలబడి విన్నాను, మొదటి సైకిలు నుంచి చివరి సైకిలు దాకా ఒకే చప్పుడు. మైకులో ఇంజనీరు గారు మాట్లాడుతూ, ఆరు రోజులు రాత్రింబవళ్ళు రోలరు నడిపించి దారిని ఇలా తీర్చిదిద్దామని చెప్పారు. పెద్ద అధికారి ఆయనతో చెయ్యి కలిపారు, అందరూ చప్పట్లు కొట్టారు. సొమ్మొకడిది సోకొకడిది. మామయ్య టోపీ పెట్టుకుని నీళ్ళ డ్రమ్ముల దగ్గర వచ్చినవాళ్ళకు గ్లాసులు అందిస్తున్నారు. రోలరు మాట విని ఆయన ఒక్క క్షణం ఆగి, మళ్ళీ గ్లాసులు ముంచడంలో పడ్డారు.

రెండు రోజులు తిరక్కుండా ఆ ఫోటో సైకిళ్ళవాళ్ళ ఫోన్లన్నిటిలోకీ వెళ్ళిపోయింది. వాహనాలు లేని దారంటే ఇదేనా అని కింద ఒక ప్రశ్న. ట్రాలీ ఆటో, దాని ముందు చేయెత్తి నిలబడ్డ ఆకుపచ్చ టోపీ, పక్కన బిందెతో నేను. పైనుంచి ఆఫీసుకు అక్షింతలు పడ్డాయి, విచారణ పెట్టారు. విచారణకు రెండు రోజుల ముందు ఇంజనీరు గారు మా ఇంటికి వచ్చారు. అంతకు ముందు ఎప్పుడూ గుమ్మం దాటనివారు ఆ రోజు కుర్చీలో కూర్చున్నారు, ఇచ్చిన మంచినీళ్ళు తాగారు. చేతిలో కాగితం చుట్టిన కొత్త పుస్తకం ఉంది.

"ఇందులో తప్పెవరిదీ లేదమ్మా. కాగితం సరిగ్గా ఉంటే చాలు" అని ఆ పుస్తకం నా చేతిలో పెట్టారు.

ఆయన చెప్పింది ఇది. ఆఫీసు కాగితాల్లో ఆరు రోజులు రోలరు నడిచినట్టు ఉంది. పని పుస్తకంలోనూ అలాగే ఉండాలి. చేతిరాత నాదే కాబట్టి కొత్త పుస్తకంలో మొత్తం నేనే తిరగరాసి పాతదాన్ని పొయ్యిలో పెట్టాలి. ఆరో రోజు దగ్గర, మామయ్యకు తెలియకుండా కొడుకు తాళం దొంగిలించి బండి తెచ్చాడని రాయాలి. బండి జప్తు అవుతుంది, మామయ్య ఉద్యోగం నిలబడుతుంది, ఇల్లు నిలబడుతుంది. అలా రాయకపోతే మామయ్యను తీసేస్తారు, పది రోజుల్లో క్వార్టరు ఖాళీ చేయాలి. ఇదంతా ఆయన ఎంతో దయతో చెప్పారు. నాకు అన్నిటికంటే ఒళ్ళు మండింది ఆ దయకే.

 ఇంజనీరు గారు వెళ్ళాక మా ఆయన, రాసెయ్యి అన్నాడు. బండి పోతే కూలికైనా పోవచ్చు, ఈ వయసులో ఆయన్ని తీసుకుని ఎక్కడికి పోతామన్నాడు. దొంగ అంటారే అన్నాను. అననీ అన్నాడు. మామయ్య మాత్రం కొడుకు వైపు చూడకుండా, "రాసే చెయ్యి నీది, నీ ఇష్టమమ్మాయ్" అని చెప్పి పార తీసుకుని రోడ్డు మీదికి వెళ్ళిపోయారు. ఒకరు తన పరువు ఇచ్చేస్తానంటారు, ఒకరు తన నోరు కట్టేసుకుంటారు. బరువంతా తెచ్చి నా నెత్తిన పెట్టి ఇద్దరూ మంచివాళ్ళయిపోయారు. ఆ మధ్యాహ్నం వాళ్ళిద్దరి మీదా నాకు ఇంజనీరు మీద ఉన్నంత కోపం వచ్చింది.

నిజం చెప్పాలంటే మొదట అబద్ధం రాద్దామనే కూర్చున్నాను. ఆ ఇంటి గోడలకు సున్నం వేసింది నేను, కిటికీకి తెర కుట్టింది నేను. గుమ్మంలో వెలుతురు చూసుకుని కూర్చుని, పాత పుస్తకం ఒక పక్క పెట్టుకుని, కొత్తది తెరిచాను. వానలు ఆగిన నాటి నుంచి ఒక్కో రోజూ ఎక్కించుకుంటూ వచ్చాను. గుంత పూడ్చాం. మట్టి చల్లాం. కోడలు సైకిలు తొక్కి చూసింది, తొమ్మిదో రాయి దగ్గర వదులుగా ఉంది. అలా రాసుకుంటూ రోలరు రోజుల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగలేదు. రోలరు రాలేదు అని రాసింది. ఆరు రోజులూ పాత పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఎక్కించాను. చివర ఆ రోజు తేదీ వేసి ఇంకో రెండు వాక్యాలు చేర్చాను. ఈ రోజు ఇంజనీరు గారు ఇంటికి వచ్చి, కొత్త పుస్తకం ఇచ్చి, రోలరు వచ్చినట్టు రాయమన్నారు. రోలరు రాలేదు. సాయంత్రం మామయ్య వస్తే చూపించాను. వేలు పెట్టి అక్షరం అక్షరం చదువుకుని, కలం అడిగి కింద సంతకం పెట్టారు.

విచారణ ఆఫీసులో, పొడుగాటి బల్ల దగ్గర జరిగింది. పెద్ద అధికారి మధ్యలో, ఇంజనీరు గారు పక్కన, ఫోటో తీసినందుకు సాక్షిగా పిలిచిన పళ్ళ డాక్టరు ఎదురుగా కూర్చున్నారు. మేం ముగ్గురం నిలబడ్డాం. ఇంజనీరు గారు నా చేతిలోంచి అందుకున్న కొత్త పుస్తకాన్ని తెరిచి కూడా చూడకుండా అధికారి ముందుకు జరిపారు. అధికారి ఒక్కో పేజీ తిప్పుతూ ఒకచోట ఆగారు. మళ్ళీ వెనక్కి వెళ్ళి చదివారు. ఇంజనీరు గారు మెడ చాచి అందులోకి చూశారు. దొంగకు తేలు కుట్టినట్టయింది ఆయనకు.

పళ్ళ డాక్టరు చెయ్యి చాచి పుస్తకం అడిగింది. చదివి, ముఖం ఎర్రబడి, "ఆ బండి వల్లే రోడ్డు గట్టిపడిందని నాకు తెలియదండీ. నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను" అంది. నాకు ఒక్క క్షణం ఆశ పుట్టింది. మేం గెలిచామనే అనుకున్నాను. అధికారి పుస్తకం తీసుకుని, మూసి, తన మోచేతి కింద పెట్టుకున్నారు.

"రోలరు సంగతి ఈ విచారణలోకి రాదు. బండి నడిచిందా, లేదా?"

"నడిచింది సార్. నేనే రమ్మన్నాను" అన్నారు మామయ్య.

"అయితే అంతే."

అంతే. నేను మధ్యలో అందుకుని, రోలరు రాకపోవడం ఎవరి విచారణలోకి వస్తుందని అడిగాను. నా చేతి కట్టు విప్పి గాయం చూపించాను. ఈ మనిషి ఆ బండి తిప్పకపోతే మీ మూడు వందల మందికీ ఇలాంటివే ఉండేవన్నాను. అధికారి గోడ గడియారం చూశారు. మా ఆయన నా భుజం పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు. పాత పుస్తకం నా సంచిలోనే ఉంది, దాన్ని అడగాలన్న ఆలోచన కూడా వాళ్ళకు రాలేదు.

ఇల్లు ఖాళీ చేసే రోజు ట్రాలీ ఆటో వంతెన దగ్గరే ఆగింది. మోటారు వాహనాలకు ప్రవేశం లేదు కదా. తాళంచెవి ఇప్పుడు కొత్త కాపలావాడి దగ్గర ఉంది. పాపం వాడు తలెత్తి మమ్మల్ని చూడలేదు. మంచం, బీరువా, వంటసామాను, అన్నీ రెండు కిలోమీటర్లు చేతుల మీద మోసుకుపోవాలి. రెండో విడతకు పళ్ళ డాక్టరు ఏడెనిమిది మందిని వెంటేసుకుని సైకిళ్ళ మీద వచ్చింది. పరుపుచుట్టలు, గిన్నెలమూటలు సైకిళ్ళకు కట్టుకున్నారు. పుండు మీద కారం చల్లి విసనకర్రతో విసురుతున్నారా అనిపించి, అక్కర్లేదని గట్టిగానే అన్నాను. మామయ్య వద్దని నాకు కళ్ళతోనే సైగ చేశారు. ఆయన కోసం ఊరుకున్నాను. ఆమె ఇప్పటికీ అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంది. మంచిదే, కానీ నేను ఇంకా పూర్తిగా క్షమించలేదు.

సగం దారిలో మామయ్య మూట దింపి కూర్చుండిపోయారు. మోకాలు పట్టేసిందనుకుని పరుగెత్తాను. రోడ్డు మధ్యలో ఒక రాయి లేచి ఉంది. మడమతో దాన్ని నొక్కి, పక్క మట్టి తీసి పూసి, మళ్ళీ నొక్కుతున్నారు.  మనల్ని మెడబట్టి గెంటినవాళ్ళ రోడ్డు మామయ్యా, లేవండి అని అరిచాను. అంత గట్టిగా ఆయన మీద ఎప్పుడూ అరవలేదు. ఆయన పని అయ్యేదాకా లేవలేదు.

ఇప్పుడు కొండ రోడ్డు పక్కన ఒక గదిలో ఉంటున్నాం. మా ఆయన బండి నడుస్తూనే ఉంది. నేను వారానికోసారి సైకిలు తీసుకుని ఆ దారికి వెళ్తాను. సైకిలును ఎవరూ ఆపరు. ముప్పై కిలోమీటర్లూ తొక్కి వచ్చి, ఏ రాయి దగ్గర ఎలా ఉందో మామయ్యకు చెబుతాను. ఆయన చెప్పినట్టు ఒక కాగితం మీద రాసి, ఇద్దరి సంతకాలూ పెట్టి, రసీదు వచ్చే పోస్టులో ఆఫీసుకు పంపిస్తాం. ఇప్పటికి పదకొండు పంపాం, ఒక్కదానికీ జవాబు లేదు. కానీ మేం ఏ రాయి దగ్గరని రాస్తే ఆ రాయి దగ్గర, వారం తిరిగేలోపు గుంత పూడి ఉంటోంది. మొన్న పన్నెండో రాయి దగ్గర చూశాను, నీళ్ళు పెట్టకుండానే పూడ్చేశారు. అది కూడా రాశాం.